నాపబండ మీద నిలవని బ్రేకు

ఇంట్లో కార్ రేసింగ్ ఆటలు ఆడడానికి వాడే లాజిటెక్ జీ29 స్టీరింగ్ వీల్‌తో వచ్చే పెడల్స్‌ను తిరగేసి చూస్తే అడుగున పళ్లున్న పట్టీ ఒకటి కనిపిస్తుంది. కావాలంటే కిందికి దించుకోవచ్చు, వద్దనుకుంటే లోపలికి మడిచేయవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు పెడల్స్ ముందుకు జారకుండా తివాచీలో దిగబడి పట్టుకోవడం దాని పని. గోడ నుంచి గోడ దాకా తివాచీ పరుచుకునే చలిదేశాల గదులను మనసులో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. కడపలో ఆ పళ్లు దిగడానికి తివాచీ ఉండదు. ఉండేది నాపబండ, కాకపోతే టైల్.

ఈ సమస్యకు సగం మూలం ఆ బండలోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పుకోవాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు క్వారీల నుంచి వచ్చే కడప బండ అయినా, తాడిపత్రి బండ అయినా, ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనూ 2022 నుంచి నంద్యాల జిల్లాలోనూ ఉన్న బేతంచర్ల బండ అయినా, మూడూ సున్నపురాయి జాతివే. చాలా సన్నని రేణువులతో పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి పలకలుగా సులువుగా చీలుతుంది, మెరుగు పెడితే అద్దంలా నునుపెక్కుతుంది. పాత ఇళ్లలో మెరుగు పెట్టకుండా పరిచిన బండల మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు ఉంటాయి, వాటిని రబ్బరు కాస్త పట్టుకుంటుంది. కొత్త ఇళ్లలో పాలిష్ బండ, విట్రిఫైడ్ టైల్ మీద ఆ ఆసరా కూడా ఉండదు.

దానికి తోడు దుమ్ము. పొద్దున తడిగుడ్డ పెట్టి తుడిచిన నేల మీద సాయంత్రానికి సన్నని పొర పేరుకుంటుంది. కిటికీ తెరిచి ఉంచే ఎండాకాలంలో అయితే మధ్యాహ్నానికే. ఒక గంట ఆడిన తర్వాత పెడల్స్ అడుగున ఉన్న రబ్బరు బొడిపెలను బొటనవేలితో రుద్ది చూస్తే వేలికి గోధుమరంగు పొడి అంటుకుంటుంది. రబ్బరు నేలను తాకడం మానేసి ఆ పొడి మీద దొర్లుతోందని దాని అర్థం. ఫినాయిలు, సువాసన కలిపిన నేల ద్రావణాలు ఎక్కువ పోసి తుడిస్తే ఆరాక మిగిలే జిడ్డుపొర కూడా ఇదే పని చేస్తుంది.

ఇలాంటి నేల మీద ఎక్కువమంది మొదట చేసే ప్రయత్నం పెడల్స్ కింద ఏదో ఒకటి వేయడం. డోర్ మ్యాట్, యోగా మ్యాట్, అల్మారా అరల్లో పరిచే జాలీ రబ్బరు షీటు, రెండువైపులా అంటుకునే టేపు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వాడి చూస్తారు. ప్రతిదీ రెండు రోజులు పనిచేసినట్టే ఉంటుంది. ఎందుకు నిలవదో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. ఎనిమిదో తరగతి పాఠంలో ఉన్నంత లెక్కే.

బరువుకీ బలానికీ మధ్య లెక్క

జీ29 పెడల్స్ బరువు సుమారు మూడు కిలోలు. మడమలు రెండూ పెడల్ పీఠం మీద ఆనించి కూర్చుంటే మోకాళ్ల కింది భాగం బరువు మరో ఎనిమిది కిలోల దాకా దాని మీద పడుతుంది. నేలను అదిమి ఉంచే బరువు మొత్తం పదకొండు కిలోలు. శుభ్రమైన రబ్బరుకీ శుభ్రమైన పాలిష్ రాయికీ మధ్య ఘర్షణ గుణకం, అంటే అదిమే బరువులో ఎంత వంతు బలాన్ని నేల ఆపగలదో చెప్పే అంకె, 0.6 అనుకుందాం. అడ్డంగా నెట్టే బలం 6.6 కిలోలు దాటగానే పెడల్స్ కదులుతాయి. దుమ్ము పడి గుణకం 0.3కి తగ్గితే 3.3 కిలోలకే కదులుతాయి. గట్టిగా బ్రేకు వేసే కాలు ఇరవై ముప్పై కిలోల బలం పెట్టడం మామూలు విషయం. జీ29 బ్రేకు లోపల రబ్బరు దిమ్మె ఒకటి ఉంటుంది. పెడల్ సగం దిగాక అది గట్టిపడుతుంది కాబట్టి, కొత్తగా ఆడేవారు పూర్తి బ్రేకు కోసం ఇంకా బలంగా తన్నుతారు.

అయితే కాలు నేలకు సమాంతరంగా నెట్టదు, కొంత కిందికి వాలి నెడుతుంది. ఆ వాలు చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే బలంలో ఒక వంతు పెడల్స్‌ను నేలకు అదుముతుంది. కాలు ముప్పై డిగ్రీల వాలులో నెడితే, శుభ్రమైన నేల మీద పెడల్స్ దాదాపు పన్నెండు కిలోల వరకు నిలుస్తాయి. నలభై అయిదు డిగ్రీలైతే ఇరవై మూడు కిలోలు దాటుతుంది. అంటే కుర్చీని కాస్త ఎత్తి, పెడల్స్‌ను కాస్త దగ్గరికి లాక్కుంటే, పైసా ఖర్చు లేకుండా పట్టు రెట్టింపవుతుంది. ఈ మాట ఎవరూ మొదట చెప్పరు, మొదట చేయవలసింది మాత్రం ఇదే. కాళ్లు ముందుకు బారజాపి కూర్చునే పద్ధతి ఫార్ములా కార్లలో బాగుంటుంది. అక్కడ సీటూ పెడల్సూ ఒకే చట్రానికి బిగించి ఉంటాయి. మేజా ముందు కుర్చీ వేసుకుని ఆడేవారికి అది నష్టం.

దుమ్ము నేల మీద ఇదే ముప్పై డిగ్రీల లెక్క వేస్తే అయిదు కిలోలు కూడా రాదు. కింద వేసిన మ్యాట్ మొదటి రెండు రోజులు పట్టి మూడో రోజు జారడానికి కారణం ఇదే. మ్యాట్ అడుగు కూడా దుమ్ము పట్టింది, అంతే.

లోడ్ సెల్ పెడల్స్ దగ్గరికి వస్తే ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. మామూలు పెడల్ ఎంత దూరం దిగిందో కొలుస్తుంది. లోడ్ సెల్ ఎంత బలం పడిందో కొలుస్తుంది. థ్రస్ట్‌మాస్టర్ టీ-ఎల్‌సీఎం బ్రేకు వంద కిలోల వరకు, ఫనాటెక్ సీఎస్ఎల్ లోడ్ సెల్ అరవై కిలోల వరకు బలాన్ని కొలుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకుని ముప్పై నలభై కిలోలకు పెట్టుకున్నా, పై లెక్కలో ఏ అంకె దగ్గరా అది నిలవదు. పైగా ఇలాంటి బ్రేకును కాలు బలం ద్వారానే గుర్తుపెట్టుకుంటుంది. మలుపు లోపలికి తిరుగుతూ బ్రేకును మెల్లమెల్లగా వదిలే సమయంలో పెడల్స్ ఒక్క సెంటీమీటరు జరిగినా, కాలికి తెలిసిన బలానికీ తెర మీద కారు చేసే పనికీ పొంతన ఉండదు. ఇరవై కిలోమీటర్లు దాటే నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ లాంటి ట్రాక్ మీద ప్రతి బ్రేకుకీ కొంచెం కొంచెంగా జరిగిన పెడల్స్ ఒక ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) చివరికి కాలికి అందనంత దూరం పోతాయి. ఆటగాడు తన చేతకానితనం అనుకునేది చాలాసార్లు నేల చేసే మోసం.

బరువు పెడితే సరిపోదా అని అడుగుతారు. పెడల్స్ ముందు పాతిక కిలోల బియ్యం బస్తా అడ్డం పెట్టారనుకుందాం. బస్తా గోతానికీ పాలిష్ బండకీ మధ్య గుణకం 0.3 ఉంటే, ఆ బస్తా ఆపగలిగేది ఏడున్నర కిలోలే. పాతిక కిలోల వస్తువు చూడడానికి కదలనట్టే ఉంటుంది కాబట్టి ఇది నమ్మబుద్ధి కాదు. కానీ కూర్చుని కాలితో తన్ని చూస్తే వెంటనే తెలుస్తుంది, బస్తా కూడా పెడల్స్‌తో పాటు గోడ వైపు ప్రయాణం కడుతుంది.

నిజానికి ఆ గదిలో అన్నిటికన్నా బరువైనది ఆడే మనిషే. అరవై డెబ్భై కిలోల మనిషి, కింద ఓ కుర్చీ. ఆ బరువును వాడుకోకుండా మూడు కిలోల పెడల్స్‌కు మ్యాట్లు వేస్తూ పోవడంలోనే అసలు పొరపాటు ఉంది.

తన్నే కాలు, వెనక్కి పోయే కుర్చీ

నేల మీద కూర్చుని రెండు కాళ్లతో బీరువాను నెట్టి చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బీరువా ఎంత బలంగా ముందుకు పోవాలని చూస్తుందో, నెట్టే మనిషి అంతే బలంగా వెనక్కి జారతాడు. న్యూటన్ మూడో సూత్రం అక్కడ పిరుదుల కింద తెలుస్తుంది. పెడల్ మీద ముప్పై కిలోల బలం పడిందంటే, కుర్చీ వీపు మీద వెనక్కి ముప్పై కిలోలు పడినట్టే. ఈ రెండు బలాలూ సమానం, దిశలు వ్యతిరేకం. రెంటినీ విడివిడిగా నేల మీదికి వదిలేస్తే, పెడల్స్ దగ్గర ఒక ఘర్షణ, కుర్చీ దగ్గర మరో ఘర్షణ వాటిని మోయాలి. పాలిష్ బండ రెండు చోట్లా మోయలేదు. కుర్చీకి చక్రాలుంటే రెండో చోట మోసేది అసలేమీ ఉండదు.

అదే కుర్చీనీ పెడల్స్‌నీ ఒకదానికొకటి కట్టేస్తే ముందుకు పోయే బలం, వెనక్కి పోయే బలం ఆ కట్టులోనే కలిసి రద్దయిపోతాయి. నేల దాకా ఏమీ రాదు. నేల నునుపైనా, దుమ్ముపట్టినా, నూనె ఒలికినా తేడా పడదు. కారులో జరిగేది అదే. సీటు, పెడల్స్ ఒకే చట్రానికి బిగించి ఉంటాయి కాబట్టి, వంద కిలోలకు మించిన బలంతో బ్రేకు తొక్కే ఫార్ములా వన్ డ్రైవరుకు కూడా పెడల్ జారడం అన్న సమస్యే ఉండదు. పెద్ద ఖర్చుతో అమ్మే రిగ్గులు చేసేది కూడా ఇంతకుమించి ఏమీ లేదు. అల్యూమినియం చట్రంలో సీటునీ పెడల్స్‌నీ కలిపి ఉంచుతాయి, అంతే. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతాదంతా ఇంట్లో ఉన్న సామానుతో అయ్యే పని.

అన్నిటికన్నా సులువైనది పట్టీ. చక్రాల కుర్చీ అయితే మధ్య గొట్టానికి, నాలుగు కాళ్ల కుర్చీ అయితే ముందుకాళ్లకు ఒక కొస చుట్టి, రెండో కొసను పెడల్స్ ముందు భాగం చుట్టూ తిప్పి బిగించాలి. ఏ పట్టీ అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. కొబ్బరితాడు బలమైనదే, కానీ లాగిన కొద్దీ మెలికలు సర్దుకుని వదులవుతుంది. నైలాను తాడు సాగుతుంది, సాగిన ప్రతి మిల్లీమీటరూ బ్రేకు కింద మెత్తదనంగా కాలికి తెలుస్తుంది. మంచాలకు అల్లే నూలు నవారు వీటికన్నా నయం, రెండు మడతలు వేసి బిగిస్తే మామూలు పెడల్స్‌కు సరిపోతుంది. లారీల మీద సరుకు బిగించే పాలిస్టర్ రాచెట్ బెల్టు అన్నిటికన్నా మేలు. చాలా తక్కువ సాగుతుంది, మరతో బిగుతు సర్దుకోవచ్చు. లారీ సామాను అమ్మే కొట్టుకు పోయి, ఉన్నవాటిలో సన్నని వెడల్పు ఉన్నది అడిగితే చాలు.

ఒకే పట్టీ మధ్యలో కడితే ఇంకో చిక్కు వస్తుంది. ఎడమ కాలితో బ్రేకు వేసేవారి బలం ఒక పక్కకే పడుతుంది కాబట్టి పెడల్స్ ముందుకు పోకపోయినా మూలగా తిరుగుతాయి. పెడల్స్ రెండు మూలల నుంచి రెండు పట్టీలు బయలుదేరి కుర్చీ దగ్గర కలిసేలా కట్టాలి. పట్టీ ఎంత కిందుగా ఉంటే అంత మంచిది. ఎత్తులో కడితే పట్టీ పెడల్స్‌ను కొంత పైకి లాగుతుంది. కుర్చీ చక్రాలు పట్టీ చుట్టూ తిరిగి పక్కకు జారకుండా ముందు రెండు చక్రాల కింద చిన్న రబ్బరు గిన్నెలు పెట్టుకోవచ్చు. వీపు వెనక్కి ఊగే కుర్చీ అయితే ఆ ఊగడాన్ని లాక్ చేయాలి. లేకపోతే ఇన్ని కట్లు కట్టాక కూడా బ్రేకు తొక్కిన ప్రతిసారీ మనిషి వెనక్కి వాలిపోతాడు, పెడల్స్ కదిలాయనే అనిపిస్తుంది.

పట్టీ కట్టే ఓపిక లేనివారికి జంపఖానా ఉంది. పెళ్లిళ్లకు, పూజలకు పరిచే మందపాటి నూలు జంపఖానాను పొడవుగా పరిచి, ఒక కొస మీద చక్రాలు లేని కుర్చీ నాలుగు కాళ్లూ, రెండో కొస మీద పెడల్స్ పెట్టాలి. కుర్చీ దాన్ని వెనక్కి లాగుతుంది, పెడల్స్ ముందుకు లాగుతాయి, నూలు గుడ్డ సాగదు కాబట్టి రెండూ అందులోనే తేలిపోతాయి. మొదట్లో చెప్పుకున్న పళ్ల పట్టీకి ఇక్కడ పని దొరుకుతుంది. దాన్ని దించితే మందపాటి నేతలో కొంతవరకు దిగుతుంది. ఉత్త బండ మీద మాత్రం ఆ పళ్లను దించకూడదు. ప్లాస్టిక్ పళ్లు రాతికి ఆనితే రబ్బరు బొడిపెల మీద పడవలసిన బరువు వాటి మీద పడుతుంది, ఉన్న పట్టు కూడా పోతుంది. జంపఖానాను మడతలు లేకుండా లాగి పరచాలి. యోగా మ్యాట్ మీద కూడా ఇదే పని చేయవచ్చు గానీ, నురుగు సాగుతుంది కాబట్టి అంత గట్టిగా ఉండదు.

లోడ్ సెల్ పెట్టుకున్నవారికి, రోజూ ఆడేవారికి బల్ల తప్పదు. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. అందులోంచి అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ముక్కను కోయిస్తే కుర్చీ నాలుగు కాళ్లూ, పెడల్స్ అన్నీ దాని మీదికి వస్తాయి. నాలుగడుగులకు కక్కుర్తిపడి ముందుకాళ్లు మాత్రమే బల్ల మీద, వెనకకాళ్లు నేల మీద పెడితే కుర్చీ దాదాపు రెండు సెంటీమీటర్లు వెనక్కి వాలుతుంది, అసలే వెనక్కి నెట్టే బలం ఉన్నచోట అది మంచిది కాదు. కుర్చీ వెనకకాళ్ల వెనక ఒక రీపరు (సన్నని చెక్క బద్ద) అడ్డంగా కొట్టించాలి. పెడల్స్‌ను బోల్టులతో బిగించాలి. చాలా పెడల్స్ అడుగున అందుకోసమే రంధ్రాలుంటాయి, కొలత ఏదో చూసుకుని బోల్టు కొనాలి. రంధ్రాలు లేని చవక పెడల్స్ అయితే ముందువైపు ఇంకో రీపరు కొట్టి దానికి ఆనించి పెట్టవచ్చు.

వడ్రంగి దగ్గర ఒక్క మాట మరిచిపోకూడదు. బోల్టు తలలు బల్ల అడుగున బయటికి పొడుచుకు రాకుండా లోపలికి దిగేలా చెక్కించాలి. సున్నపురాయి చాలా మెత్తని రాయి. దానిలోని కాల్సైట్‌కు మోస్ గట్టిదనపు కొలతలో దక్కేది మూడు మాత్రమే, గ్రానైట్‌లోని క్వార్ట్‌జ్‌కు ఏడు. ఇనుప బోల్టు తల ఒక్కసారి రాసుకుంటే నల్ల బండ మీద తెల్లని గీత పడుతుంది, అది తుడిస్తే పోదు. పాత బండల నేల సమంగా ఉండదు కాబట్టి బల్ల నాలుగు మూలలా ఒకేలా ఆనదు, ఏదో ఒక మూల ఎగిరి టకటకమంటుంది. ఆ మూల కింద రబ్బరు ముక్క వేస్తే సరి.

ఆ రబ్బరు ముక్కకు పంక్చరు షాపుకు మించిన చోటు లేదు. పాత లారీ ట్యూబును కోయించుకుంటే పెద్ద పెద్ద పలకలు వస్తాయి, షీటు రబ్బరు కొనాల్సిన పని లేదు. ట్యూబు లోపలివైపు తెల్లని పొడి ఉంటుంది. రబ్బరు దానికదే అంటుకోకుండా కంపెనీలోనే చల్లే పొడి అది. దాన్ని సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాకే వాడాలి, లేకపోతే ఉత్త బండకన్నా ఎక్కువ జారుతుంది. రబ్బరు విషయంలో బడిలో చెప్పిన ఒక నియమం పూర్తిగా వర్తించదని కూడా తెలుసుకోవాలి. ఘర్షణకు తాకే వైశాల్యంతో పని లేదని పాఠంలో చదువుకుంటాం. రబ్బరు నునుపు రాయికి కొంత అతుక్కుని పట్టుకుంటుంది కాబట్టి, నాలుగు చిన్న బొడిపెలకన్నా బల్ల అడుగంతా పరిచిన పలక మేలు. అయితే తెల్ల టైల్ మీద, పాలరాతి మీద నల్ల రబ్బరును నెలల తరబడి ఉంచితే మరక దిగుతుంది. నల్ల కడప బండ మీద ఆ భయం ఉండదు.

గోడనూ, రంధ్రాలనూ నమ్ముకునేవారికి

కొందరు పెడల్స్‌ను గోడకు ఆనించి, మధ్య ఖాళీలో చెక్క దిమ్మె ఇరికిస్తారు. గోడ కదలదు కాబట్టి పెడల్స్ కదలవు, ఈ మాట నిజమే. మిగిలిన సగం సమస్య మాత్రం అలాగే ఉంటుంది. కుర్చీ వెనక్కి పోతుంది. గది ఇరుకై కుర్చీ వీపు కూడా వెనక గోడకు ఆనితే ఈ పద్ధతిని మించింది లేదు. అలా కాకపోతే చక్రాలు తీసేసి, కాళ్లకు రబ్బరు బుష్‌లు వేసి, వెనక మంచం కోడు అయినా అడ్డం ఉండేలా చూసుకోవాలి. దిమ్మె నేరుగా స్కర్టింగ్ మీద ఒకే చోట గుచ్చుకోకూడదు. గోడ అడుగున అంటించిన ఆ నాలుగంగుళాల పలక వెనక సిమెంటు అంతటా నిండి ఉండదు. బోలుగా ఉన్నచోట పదేపదే దెబ్బ తగిలితే పగులుతుంది. గోడ పొడవునా ఆనే వెడల్పాటి చెక్క వేసి, దాని మీద దిమ్మె ఆనించాలి.

నేలకు రంధ్రాలు వేసి బిగించేయాలన్న ఆలోచన ఇక్కడి ఇళ్లకు తగదు. పొరల రాయి కావడం వల్ల అంచు దగ్గర డ్రిల్లు పెడితే పెచ్చు లేస్తుంది. అద్దె ఇల్లయితే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవలసిందే. పాలిష్ టైల్ మీద వాక్యూమ్ కప్పులు పైకి లాగితే గట్టిగా పట్టుకుంటాయి. పక్కకు తోసే బలానికి, రోజుల తరబడి పడే ఒత్తిడికి అంత నమ్మకంగా నిలవవు. మెరుగు పెట్టని బండ మీదైతే గాలి చొరబడి అసలే అంటుకోవు. రెండువైపులా అంటుకునే టేపుకు కడప మే నెల సరిపడదు. నలభై డిగ్రీలు దాటే వేడికి జిగురు మెత్తబడి పెడల్స్ నిదానంగా కదలడం మొదలవుతుంది. జూన్‌లో పీకి చూస్తే బండ మీద జిగురు మరక మిగులుతుంది. ఆ మరక పోగొట్టడానికి నిమ్మకాయ, వెనిగరు, టాయిలెట్ యాసిడ్ లాంటి పుల్లనివి ఏవీ వాడకూడదు. సున్నపురాయిని ఆమ్లం తింటుంది, అక్కడ మెరుగు శాశ్వతంగా పోతుంది. కొబ్బరినూనెతో మెత్తబరిచి గీకి, తర్వాత సబ్బుతో కడగడం మంచిది. నూనె ఏమాత్రం మిగిలినా ఆ చోట పెడల్స్ పెట్టకూడదు.

వెల్డింగ్ షాపులో గ్రిల్లుల పని చేసేవారితో ఇనుప స్క్వేర్ పైపు చట్రం చేయించుకోవడం కూడా మంచి దారే. ఒకవైపు పెడల్స్ బిగించే పలక, ఇంకోవైపు కుర్చీ కాళ్లను పట్టే ఎల్ యాంగిల్ ముక్కలు, మధ్యలో రెండు పైపులు. కడపలోనూ అనంతపురంలోనూ కర్నూలులోనూ ప్రతి పేటలో ఈ పని తెలిసినవారు ఉన్నారు. బయటినుంచి తెప్పించే రిగ్గుకన్నా ఇది ఇంటికి తగినట్టు ఉంటుంది, పాడైతే బాగుచేసేవారు వీధి చివరే దొరుకుతారు. పైపు కొసలకు రబ్బరు మూతలు వేయించాలి, లేకపోతే బండ మీద గీతలు ఖాయం.

బల్ల లేకుండా పట్టీతోనే లోడ్ సెల్ వాడేవారికి ఒక హెచ్చరిక తప్పనిసరి. నలభై కిలోలు దాటిన బ్రేకుకు తేలికైన ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారదు, ఎందుకంటే పట్టీ పట్టుకుంది. బదులుగా ముందుకాళ్లు లేచి వెనక్కి తిరగబడుతుంది. పట్టీ నేలకు దగ్గరగా లాగుతుంటే, కాలు తన్నిన బలం నడుము ఎత్తున పడుతుంది. ఈ రెంటి మధ్య ఎత్తే కుర్చీని తిప్పేది. తల వెనక నాపబండ ఉన్న ఇంట్లో ఇది నవ్వుకునే ప్రమాదం కాదు. బల్ల వేసి కుర్చీ కాళ్లను దానికి బిగించాలి, లేదా బరువైన చెక్క కుర్చీ వాడాలి, అదీ కుదరకపోతే కుర్చీ వీపు గోడకు ఆనేలా గది సర్దుకోవాలి. అప్పటివరకు సాఫ్ట్‌వేర్‌లో పూర్తి బ్రేకు బలాన్ని ఇరవై అయిదు కిలోలకు తగ్గించి ఆడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ల్యాప్ టైము బలం మీదకన్నా, ప్రతిసారీ ఒకేలా తొక్కడం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఏ ఏర్పాటు చేసుకున్నా అది పనిచేస్తోందో లేదో కాలికి తోచినదాన్ని బట్టి తేల్చకూడదు. సుద్దముక్క తీసుకుని పెడల్స్ పీఠం చుట్టూ ఒక గీత, కుర్చీ కాళ్ల చుట్టూ ఒక గీత గీయాలి. గట్టి బ్రేకులున్న ట్రాక్, అంటే మూడు వందల కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా మొదటి షికేన్ (వరసగా వచ్చే ఇరుకు మలుపులు) దగ్గర తగ్గవలసిన మోంజా లాంటిది ఎంచుకుని పది ల్యాపులు ఆడి, లేచి గీతలు చూడాలి. పెడల్స్ మాత్రమే గీత దాటితే పట్టీ వదులుగా ఉంది లేదా సాగుతోంది. కుర్చీ మాత్రమే దాటితే కట్టు పెడల్స్‌ను పట్టుకుంది గానీ కుర్చీ దగ్గర జారుతోంది. రెండూ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే కట్టు బాగానే ఉంది, మొత్తం సామాను కలిసి నేల మీద జరుగుతోంది, అడుగున ట్యూబు ముక్కలు కడిగి వేస్తే ఆగుతుంది. రెండు గీతలూ కదలకుండా ఉండి, బ్రేకు ఇంకా మెత్తగానే అనిపిస్తే వెతకవలసింది నేల మీద కాదు. కుర్చీ వీపు ఊగుతోందేమో, సీటు దిండు అణుగుతోందేమో, బల్ల మధ్యలో వంగుతోందేమో చూడాలి. అయిదడుగుల ప్లైవుడ్ వంగుతుంటే దాని అడుగున పొడవునా రెండు రీపర్లు కొట్టిస్తే గట్టిపడుతుంది.